మూడు వందల ఏళ్ళ నాటి పేపరు చూస్తారా?



మన ఇళ్ళల్లో వార్తాపత్రిక ఆయుర్దాయం ఎంత చెప్పండి? పొద్దున్న కాఫీతో పుడుతుంది. మధ్యాహ్నానికి పక్కింటివారి అరుగెక్కుతుంది. మర్నాడు బీరువా అరలో పరుపవుతుంది, లేకపోతే పోపుసామాను పొట్లమవుతుంది. నెల తిరిగేసరికి పాతపేపర్లవాడి తక్కెట్లో కిలోల లెక్కన తూగిపోతుంది. అంత అల్పాయుష్షు వస్తువు మూడు వందల ఏళ్ళు దాటి బతికి ఉన్నదంటే, దాన్ని మనం ఇంట్లో కూచుని చూడవచ్చునంటే ఆశ్చర్యంగా లేదూ?

నాకీ సంగతి మా మనవరాలి వల్ల తెలిసింది. మా అమ్మాయి కాపురం అమెరికాలో. మొన్నామధ్య దాని కూతురు ఫోను చేసి, "అమ్మమ్మా, మా బళ్ళో ఒక పని చెప్పారు. అమెరికాలో అన్నిటికన్నా పాత పేపర్లు ఎక్కడున్నాయో కనుక్కోవాలి, వాటిని చూడాలి, అందులో కనిపించిన ఒక్క మనిషి గురించి రాసుకు రావాలి. నువ్వూ సాయం చెయ్యవూ?" అంది. నేనేం చేస్తానే అన్నాను గాని, మొదలుపెట్టాక నాకే వదలబుద్ధి కాలేదు. మనవాళ్ళ పిల్లలు ఎందరో ఆ దేశంలో చదువుకుంటున్నారు కదా, మీకూ పనికొస్తుందని ఆ వెతుకులాటలో తెలిసిన నాలుగు సంగతులూ చెబుతాను.

అమెరికాలో అచ్చయిన మొట్టమొదటి వార్తాపత్రిక 1690 సెప్టెంబరు 25న బోస్టన్ పట్టణంలో వెలువడింది. అప్పటికింకా అమెరికా స్వతంత్ర దేశం కాదు. అవన్నీ ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న వలస ప్రాంతాలు. ఆ పత్రిక పేరు పబ్లిక్ అకరెన్సెస్. అసలు పేరు ఇంకా పొడుగు. ఇంటా బయటా జరిగిన సంగతులు అని దాని భావం. వేసినాయన బెంజమిన్ హారిస్. లండన్‌లో ఉండగా ప్రభుత్వానికి గిట్టని కరపత్రం అచ్చువేసి శిక్ష అనుభవించి వచ్చినవాడు. పత్రిక మన నోటుపుస్తకం కంటే పెద్దదేమీ కాదు. నాలుగు పేజీలు. మూడింట్లోనే అచ్చు, నాలుగో పేజీ ఖాళీ. చదివినవారు తమకు తెలిసిన కబుర్లు ఆ ఖాళీ పేజీలో చేత్తో రాసి ఇంకొకరికి పంపుకోవచ్చునట! మన ఇన్‌లాండు కవరు గుర్తుకు రావడం లేదూ?

అందులో ఏమున్నాయి అంటారా? బోస్టన్‌లో మశూచికం తగ్గుముఖం పట్టిందనీ, ఊళ్ళో ఇళ్ళు తగలబడ్డాయనీ, భార్య పోయిన దిగులుతో ఒకాయన ఉరి వేసుకున్నాడనీ, ఇట్లాంటివి. వాటితో పాటు యుద్ధంలో ఇంగ్లీషువారి పక్షాన ఉన్న అక్కడి తెగలవారు చేసిన క్రూరకృత్యాల మీద విమర్శా, ఫ్రాన్సు రాజుగారి అంతఃపురం రట్టూ కూడా ఉన్నాయి. నెలకొకసారి వేస్తానన్నాడు పాపం హారిస్. నాలుగు రోజులు తిరక్కుండా గవర్నరూ, ఆయన సభవారూ అనుమతి లేకుండా అచ్చువేశాడని దాన్ని నిలిపివేశారు. రెండో సంచిక రానేలేదు.

మరి ఆ ఒక్క సంచికైనా బోస్టన్‌లో మిగిలిందా? లేదు. ఇవాళ లోకంలో దాని అసలు ప్రతి ఒకటే ఉన్నట్టు లెక్క. అదీ లండన్‌లో, క్యూ అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ దస్త్రశాలలో ఉంది. వలసల నుంచి వెళ్ళిన సర్కారు కాగితాల్లో కలిసిపోయి, 1845లో ఒక పరిశోధకుడి కంట పడింది. ఏ సర్కారు దాని నోరు నొక్కిందో, చివరికి ఆ సర్కారు దస్త్రాల్లోనే అది ప్రాణంతో మిగిలింది! చదివి సంతోషించిన వాళ్ళెవరూ దాచలేదన్నమాట.

అటు తర్వాత పద్నాలుగేళ్ళు మళ్ళీ పేపరు లేదు. 1704 ఏప్రిల్‌లో బోస్టన్ న్యూస్ లెటర్ మొదలైంది. ఎడతెగకుండా నడిచిన మొదటి అమెరికా పత్రిక ఇదే. నడిపినది జాన్ కాంప్‌బెల్ అనే పోస్టుమాస్టరు. ఊరి కబుర్లన్నీ ముందు తెలిసేది పోస్టాఫీసులోనే కదా! ప్రభుత్వ అనుమతితో అని పైనే వేసుకున్నాడు కనక ఎవరూ ఏమీ అనలేదు. ఒకే ఒక కాగితం, రెండు వైపులా అచ్చు. లండన్ వార్త ఓడ మీద రావాలి. విదేశీ వార్తలన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా వెయ్యాలని ఆయన పట్టుదల. చోటు చాలక ఒక దశలో ఏడాదికి పైగా వెనకబడిపోయాడు. పోయినేడాది పండగ కబురు ఈ ఏడు పండగ వెళ్ళాక చదివినట్టు.

తరవాత పత్రికలు పెరిగాయి. 1719లో బోస్టన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ ఒక్కరోజు తేడాతో రెండు పుట్టాయి. 1721లో జేమ్స్ ఫ్రాంక్లిన్ న్యూ ఇంగ్లండ్ కురాంట్ పెట్టాడు. ఆయన తమ్ముడు బెంజమిన్, అదే, తర్వాత అంత ప్రసిద్ధుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్, అప్పటికి పదిహేనేళ్ళ కుర్రాడు, అన్నగారి అచ్చుకూటంలో పని నేర్చుకుంటున్నాడు. తన రాతలు అన్నయ్య వెయ్యడని తెలిసి, సైలెన్స్ డూగుడ్ అనే వితంతువు పేరు పెట్టుకుని, రాత్రిపూట తలుపు కింద నుంచి కాగితాలు లోపలికి తోసేవాడట. 1722లో అలా పద్నాలుగు ఉత్తరాలు అచ్చయ్యాయి. మగపిల్లవాడు ఆడపేరుతో రాస్తే జనం మెచ్చుకుని చదివారు. బాగానే ఉంది. నిజంగా ఆడవాళ్ళే పత్రికలు నడిపిన సంగతి ఎంతమందికి తెలుసు?

చాలామంది నడిపారండీ! న్యూయార్కులో జాన్ పీటర్ జెంగర్ అనే ముద్రాపకుణ్ణి గవర్నరును విమర్శించాడని 1734లో జైల్లో వేశారు. భార్య అన్నా జైలు తలుపు సందులోంచి ఆయన చెప్పిన మాటలు విని వచ్చి పత్రిక నడిపించింది. ఒకే ఒక వారం తప్పింది, అంతే. 1735లో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. పత్రికా స్వాతంత్ర్యం మాట వస్తే అందరూ ఆ కేసు చెబుతారు, ఆవిడ పేరు చెప్పేవారు తక్కువ.

దక్షిణ కరోలినాలో ఎలిజబెత్ తిమోతి భర్త 1738 చివర్లో హఠాత్తుగా పోయాడు. ఇంటినిండా పసిపిల్లలు, పైగా ఆవిడ నెలలు నిండిన మనిషి. అయినా 1739 జనవరి మొదటి వారానికి సౌత్ కరోలినా గెజెట్ బయటికి తెచ్చింది. పైన పేరు మాత్రం చిన్నవాడైన కొడుకుది! ఆ అచ్చుకూటంలో భాగస్తుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో, భర్త కంటే ఈవిడే లెక్కలు సక్రమంగా పంపేదని మెచ్చుకున్నాడు. బాల్టిమోరులో మేరీ కేథరిన్ గొడార్డ్ పత్రికా నడిపింది, పోస్టుమాస్టరు పనీ చేసింది. 1777 జనవరిలో, సంతకాలు చేసినవారి పేర్లతో సహా స్వాతంత్ర్య ప్రకటనను అచ్చువేసింది ఈవిడే. కింద తన పేరు పూర్తిగా వేసుకుంది. ఆ రోజుల్లో అది రాజద్రోహం కింద లెక్క. పట్టుబడితే ఉరే మరి.

సరే, ఇన్ని పేపర్లు ఎలా మిగిలాయి అన్నది అసలు ప్రశ్న. ఒక కారణం కాగితం. ఆ రోజుల్లో కాగితం చెక్కగుజ్జుతో కాదు, పాత నూలుగుడ్డలతో, నారబట్టలతో చేసేవారు. మనం పాతచీరలిచ్చి స్టీలు గిన్నెలు కొనుక్కున్నట్టే, అక్కడి ఆడవాళ్ళు చింకిగుడ్డలు పోగుచేసి కాగితం మిల్లులకు అమ్మేవారు. ఇంట్లో గుడ్డముక్క పారెయ్యకండి అని పత్రికలే ప్రకటనలు వేసేవి. ఆ గుడ్డకాగితం గట్టిది. అందుకే 1750 నాటి పేపరు ఇంకా చేతికి మెత్తగా ఆడుతుంది గాని, చెక్కగుజ్జు కాగితం వచ్చాక వేసిన 1890 నాటి పేపరు అప్పడంలా విరిగిపోతుంది.

రెండో కారణం మనుషులు. బోస్టన్‌లో హార్‌బాటిల్ డార్ అని ఒక దుకాణదారు ఉండేవాడు. 1765 నుంచి దాదాపు పన్నెండేళ్ళ పాటు తను కొన్న పేపర్లన్నీ వరసగా దాచాడు. ఊరికే దాచడం కాదు. అంచుల్లో తన వ్యాఖ్యానాలు రాశాడు, మారుపేరుతో రాసిన వ్యాసం ఫలానావారిదని గుర్తుపెట్టాడు, దేనికెక్కడ చూడాలో సూచిక కూడా చేత్తో తయారుచేశాడు. నాలుగు సంపుటాలు, మూడువేల పైచిలుకు పేజీలు! అవన్నీ ఇప్పుడు బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు.

ఇంకొకాయన ఐజయా థామస్. ఆరేడేళ్ళ వయసులో అచ్చుపనికి కుదిరాడు. మసాచుసెట్స్ స్పై అనే పత్రిక పెట్టాడు. 1775 ఏప్రిల్‌లో, యుద్ధం మొదలవడానికి సరిగ్గా ముందు, అచ్చుయంత్రాన్ని బోస్టన్ నుంచి రహస్యంగా తరలించి వూస్టర్ పట్టణం చేర్చాడు. పెద్దవాడయ్యాక అమెరికా ముద్రణ చరిత్ర రాయాలని పాత పత్రికలు పోగుచేశాడు. పుస్తకం 1810లో వచ్చింది. ఆ పోగు చెదిరిపోకూడదని 1812లో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ స్థాపించి తన గ్రంథాలయం దానికిచ్చాడు. ఇవాళ తొలినాటి అమెరికా పేపర్లు చూడాలంటే మొదట చెప్పవలసిన చోటు అదే.

ఇప్పుడు వెతికే పద్ధతి చెబుతాను. పిల్లలుంటే కాగితం మీద రాసుకోమనండి.

మొదటిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తేల్చుకోవాలి. ఊరికే పాత పేపరు కావాలంటే సముద్రంలో ఉప్పుగల్లు వెతికినట్టే. ఆ ఊళ్ళో అప్పుడు ఏ పత్రిక ఉండేదో తెలుసుకోవడానికి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వారి పత్రికల పట్టిక ఉంది. 1690 నుంచి ఇప్పటిదాకా వచ్చిన అమెరికా పత్రికల పేర్లు, అవి ఏ గ్రంథాలయాల్లో ఉన్నదీ అందులో దొరుకుతాయి. తొలినాటి వాటికైతే క్లారెన్స్ బ్రిగమ్ అనే ఆయన 1947లో వేసిన రెండు సంపుటాల గ్రంథం ఉంది. 1690 నుంచి 1820 వరకు పుట్టిన 2120 పత్రికల జాతకాలు రాశాడాయన.

రెండోది, డబ్బు కట్టే ముందు ఉచితమైనవి చూడాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వారిదే క్రానిక్లింగ్ అమెరికా అనే ఏర్పాటు 2007లో మొదలైంది. రెండు కోట్ల పేజీలకు పైగా ఉన్నాయి, పైసా అక్కర్లేదు. మన ఊళ్ళోంచీ చూడవచ్చు. అయితే అందులో ఎక్కువ భాగం 19వ శతాబ్దంవీ ఆ తర్వాతవీ. అంతకుముందువి తక్కువ. వర్జీనియా గెజెట్ 1736 నుంచి 1780 దాకా వచ్చిన సంచికలు కలోనియల్ విలియమ్స్‌బర్గ్ సంస్థవారు ఉచితంగా చూపిస్తున్నారు. ఇక మొదటి వంద సంవత్సరాల పత్రికలన్నీ ఒకచోట చూడాలంటే చందా కట్టే సంస్థలున్నాయి. అక్కడున్న మనవాళ్ళకు ఒక మాట. ఆ చందా మీరు కట్టనక్కర్లేదు. పెద్ద పబ్లిక్ లైబ్రరీలూ, కాలేజీ లైబ్రరీలూ కడుతుంటాయి. లైబ్రరీ కార్డు చూపించి అడిగితే చాలు. అడగడానికి మొహమాటపడకండి. చెప్పడమే లైబ్రేరియన్ల పని, సంతోషంగా చెబుతారు. అసలు కాగితమే చూడాలనుకుంటే ముందుగా ఉత్తరం రాసి, ఎందుకో చెప్పి, వేళ కనుక్కుని వెళ్ళాలి. చాలాచోట్ల ముందు మైక్రోఫిల్మో, ఛాయాప్రతో చూపిస్తారు. చిన్నబుచ్చుకోకూడదు. అందరి చేతులూ పడితే ఆ కాగితం మన మనవలకు మిగలదు.

మూడోది, అక్షరాల మాయ. పాత ఇంగ్లీషు అచ్చులో ఎస్ అక్షరాన్ని పొడుగ్గా, ఎఫ్‌లాగా వేసేవారు. బోస్టన్ అన్నది బోఫ్టన్‌లా కనిపిస్తుంది. మనిషి కన్ను అలవాటు పడుతుంది గాని కంప్యూటరు మోసపోతుంది. కావలసిన పేరు దొరక్కపోతే ఎస్ బదులు ఎఫ్ పెట్టి వెతకండి. మా మనవరాలు ఈ కిటుకు తెలియక రెండు సాయంత్రాలు పోగొట్టుకుంది.

నాలుగోది, తారీకుల చిక్కు. 1752కి ముందు ఇంగ్లీషువారి సంవత్సరాది, మన ఉగాదిలాగా, మార్చిలో వచ్చేది. 25వ తేదీన. అందుకని జనవరి, ఫిబ్రవరి, మార్చి పేపర్ల మీద ఒక్కోసారి రెండు సంవత్సరాలు కలిపి వేసి ఉంటాయి. 1752 సెప్టెంబరులోనైతే 2వ తేదీ మర్నాడు 14వ తేదీ! పేపర్లు పోయాయని కంగారు పడకండి, పోయినవి రోజులే.

ఐదోది, నకళ్ళు. తాతగారి ట్రంకుపెట్టెలో 1800 జనవరి నాటి అల్‌స్టర్ కౌంటీ గెజెట్ దొరికింది, వాషింగ్టన్ పోయిన వార్త ఉంది, లక్షలు వస్తాయి అని మురిసిపోయినవారు అమెరికాలో కోకొల్లలు. తర్వాతి కాలంలో జ్ఞాపకార్థం దాన్ని ఎన్నోసార్లు తిరగేసి అచ్చువేశారు. అసలువి బహు అరుదు. కనక పాత పేపరు పేరుతో ఎవరైనా అమ్మజూపితే, ముందు గ్రంథాలయంవారికి చూపించండి.

ఇంక బళ్ళో అడిగిన ఆ ఒక్క మనిషి సంగతి మిగిలింది. పిల్ల ముందు వాషింగ్టన్ గురించి రాస్తానంది. "ఆయన గురించి అందరూ రాస్తారు. చిన్న ప్రకటనలు చూడవే," అన్నాను. పేపరుకు ఆ చివర, ఓడల రాకపోకలకూ గుర్రాల అమ్మకాలకూ మధ్య ఉంటాయవి. న్యూస్ లెటర్ మొదటి సంచికలోనే కాంప్‌బెల్, ఇళ్ళూ పొలాలూ సరుకుల ప్రకటనలతో పాటు, పారిపోయిన పనివాళ్ళ ప్రకటనలు కూడా తీసుకుంటామని వేశాడు. అక్కణ్ణించి నూట యాభై ఏళ్ళకు పైగా బానిసలను వెతికే ప్రకటనలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి.

అలా దొరికింది ఓనా జడ్జ్. 1796 మే నెలలో ఫిలడెల్ఫియా పత్రికల్లో పడిన ప్రకటన. అధ్యక్షులవారి ఇంట్లోంచి ఒక పడుచు పారిపోయింది, సన్నగా ఉంటుంది, ముఖాన మచ్చలుంటాయి, నల్లని కళ్ళు, ఒత్తయిన జుట్టు, మంచి బట్టలు చాలా ఉన్నాయి, పట్టి తెస్తే పది డాలర్లు అని. పోవడానికి కారణమేమీ లేదు అని కూడా వేయించారు! అధ్యక్షులవారంటే ఎవరో కాదు, జార్జి వాషింగ్టనే. ఓనా ఆయన భార్య మార్తాగారికి దాసి, కుట్టుపనిలో నేర్పరి. తనను దొరసానిగారి మనవరాలికి పెళ్ళి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసింది. మనిషిని, చీరె సారెలతో పాటు పంపినట్టు! ఇంట్లోవారు వర్జీనియా ప్రయాణానికి సామాన్లు సర్దుతుంటే తన బట్టలూ సర్దుకుని, వారు భోజనాల దగ్గర కూచున్న వేళ బయటికి నడిచింది. ఓడెక్కి న్యూ హాంప్‌షైర్ చేరింది. వాషింగ్టన్ మనుషులను పంపినా తిరిగి రాలేదు.

ఆవిడ మాట మనకెలా తెలిసిందంటారా? మళ్ళీ పేపరు వల్లనే. దాదాపు యాభై ఏళ్ళ తరవాత, 1845లోనూ 1847లోనూ, బానిసత్వాన్ని వ్యతిరేకించే పత్రికలవారు ఆవిణ్ణి కలుసుకుని చెప్పింది అచ్చువేశారు. అప్పటికి ముసలిదైంది, పేదది, భర్తా పిల్లలూ పోయారు. చట్టం లెక్కలో ఇంకా బానిసే. అయినా వచ్చినందుకు విచారం లేదంది. అక్కడికి వచ్చాకే చదువు నేర్చుకున్నానని చెప్పింది. 1848లో కన్నుమూసింది.

మొదటి ప్రకటన ఆవిడ రూపం చెప్పింది, పట్టుకోవడానికి. రెండోది ఆవిడ మనసు చెప్పింది. రెండు పేపర్లూ ఎవరో ఒకరు దాచబట్టి గదా, కారణమేమీ లేదన్న మాట అబద్ధమని ఇవాళ ఎక్కడో ఉన్న మనకు తెలిసింది! నా మనవరాలు తన కాగితం మీద పైన "కారణం ఉంది" అని పేరు పెట్టి ఓనా కథ రాసింది. మంచి మార్కులే వచ్చాయట. మార్కుల మాట అటుంచి, చిన్న ప్రకటనలు చదవడం దానికి అలవాటైంది. నాకది చాలు.

మీరూ ఒక సాయంత్రం తీరిక చేసుకుని, పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని, ఆ పాత పేపర్లు తెరిచి చూడండి. పెద్ద వార్తలు చరిత్ర పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి. మీరు మాత్రం చివరి పేజీ నుంచి మొదలుపెట్టండి. సెలవు.